పైన గచ్చు వేయలేరా?

చెక్ దేశంలోని ఓస్ట్రావాలో 1994లో బొగ్గు తవ్వకం ఆగింది. 2013లో ఆ ఊరే బ్ర్నో నగరంతో కలిసి మహిళల ప్రపంచ ఫ్లోర్‌బాల్ (హాల్లో ఆడే హాకీ లాంటి ఆట) పోటీలకు ఆతిథ్యమిచ్చింది. మన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తర్వాత? సైనైడ్ వ్యర్థాల దిబ్బల మీద సినిమా తీశారు, అంతే! ఇక్కడి ఆడపిల్లలకు పొద్దున్నే బెంగళూరు రైల్లో సీటు పట్టడమే ప్రపంచ పోటీ. ఫ్లోర్‌బాల్ ఆటకు కావలసింది 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు నేల. ఇక్కడి చాంపియన్ రీఫ్ గనిలో 3 కిలోమీటర్ల లోతుకు తవ్వినచోట పైన ఆ కాస్త గచ్చు వేయలేరా? బంతికి 26 చిల్లులట. చిల్లుల్లో మనల్ని ఎవడూ ఓడించలేడు లెండి! నాయకులారా, గనులు తెరిపిస్తామని ఎలాగూ అంటారు, పక్కనే ఓ ఇండోర్ హాలు కూడా రాసుకోండి.