పిచ్చితీగ పీకుట: టీకా తాత్పర్యములు

మూలము: "ఒరేయ్, ఆ పిచ్చితీగంతా పీకెయ్యండి, బీచ్ నీట్‌గా ఉండాలి."

అవతారిక: పెద్ద ఆఫీసరు విచ్చేయు ముందునాడు ఒకానొక మేస్త్రి కూలీలనుద్దేశించి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: ఒరేయ్ = ఓ పలుగుపారలు దాల్చినవారలారా; ఆ = కనుచూపుమేర ఇసుకపై పరచుకొన్నట్టి; పిచ్చితీగ = బాలబంద తీగను (చెవులపిల్లి తీగ యనియు అందురు); అంతా = గణుపు గణుపున వేరు దన్నినదానిని సమూలముగా; పీకెయ్యండి = పెరుకుడు; బీచ్ = ఆ తీగ పట్టి నిలిపిన ఇసుకదిబ్బ; నీట్‌గా = బోడిగా; ఉండాలి = ఫొటోలు తీయు పర్యంతము ఉండవలెను.

వ్యాఖ్య: "పిచ్చి" యనునది పేరు తెలియని ప్రతి మొక్కకు మేస్త్రులొసగు బిరుదు. ఈ తీగకు పేర్ల కరవు లేదు. 1753లో లిన్నేయస్, రెండుగా చీలిన ఆకును చూచి, లాటిన్‌లో మేకకాలని నామకరణము చేసెను. ఆకు మందము; తుంచిన పాలు కారును. ఊదా కలసిన గులాబిరంగు గరాటు పూవు ఉదయమున విచ్చి, ఎండ ముదిరిన వాడిపోవును. (మేస్త్రి భోజనవిరామమున చూచెను గాబోలు.) నూగుగింజ ఉప్పునీట నెలల తరబడి తేలి, తగిలిన ఒడ్డున మొలచును. కావుననే భీమిలి ఇసుకలోనిదే ఆఫ్రికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ తీరములందును కనబడును.

పూర్వపక్షము: కలుపు పీకుట ధర్మమే కదా?

సమాధానము: కలుపన్నచో పంట ఉండవలె, అలల అంచున ఏ పంట చెడినది? గాలి తెచ్చిన ఇసుక ఈ ఆకులకు తగిలి ఆగును. తీగ పూడును. పూడినచోట గణుపు వేరు దన్ని, కొస పైకి లేచును. మరల ఇసుక, మరల వేరు, దిబ్బ పెరుగును. ఉప్పుజల్లుకు ఓర్చి ముందువరుసన నిలుచునవి ముఖ్యముగా ఇదియు, రావణాసురుడి మీసాలనెడి గడ్డియు. సరుగుడు తోటలు వీటి వెనుకనే.

ఇందలి ధ్వని: తీగ పోయిన పిదప ఆ ఇసుకయే గాలికి లేచి రోడ్డెక్కును. దానిని ఊడ్పించుటకు మరల ఈ మేస్త్రినే పిలుతురు. కావున ఈ వాక్యమున దూరదృష్టి లేదనుట అపవాదు.

తాత్పర్యము: మేస్త్రిగారూ, తీగ కింద చిక్కుకున్న ప్లాస్టిక్ కప్పులూ గుట్కా పొట్లాలూ ఏరించండి. తీగ జోలికి పోకండి.