మురుగు తీర్మానం: సటీకా తాత్పర్యం

మూలము:

నగరమందలి మురుగునీరు గోదావరి నదిలో కలవకుండా తగు చర్యలు తీసుకొనుటకును, విమానాశ్రయ ప్రతిపాదనకు సంబంధించిన పర్యావరణ అంశములు పరిశీలించుటకును, పై విషయములు ప్రభుత్వము వారి దృష్టికి తీసుకొనిపోవుటకును కౌన్సిల్ వారు ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.

అవతారిక. ఈ మూలం ఏ ఒక్క సమావేశంలోదీ కాదు. తెలుగునాట ఏ పురపాలక సంఘం మినిట్స్ పుస్తకం తెరిచినా ఈ మాటలే కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. ఎవరు రాశారో తెలియదు, ఎప్పటినుంచి ఉందో తెలియదు, ప్రతి పాలకవర్గానికీ దర్శనమిస్తుంది. కనక దీన్ని అపౌరుషేయంగా గ్రహించాలి. వ్యాఖ్యకు మాత్రం రామగుండం నగరపాలక సంస్థను ఆశ్రయిస్తున్నాం. ఈ వాక్యంలోని ప్రతి పదానికీ అక్కడ ఒక గనో, ఒక చిమ్నీయో, ఒక బ్యారేజీయో సాక్ష్యంగా నిలబడి ఉంది. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొలిచెలమ వాడు. ఆధారం లేనిది రాయకూడదనీ అక్కర లేనిది చెప్పకూడదనీ ఆయన నియమం. మొదటిది మేమూ పాటిస్తాం. రెండోది పాటిస్తే మునిసిపల్ తీర్మానానికి వ్యాఖ్య రాయడం కుదరదు.

నగరమందలి: నగరంలో ఉన్న, అని పైకి తోచే అర్థం. ఏ నగరం అన్నది శంక. రైలు దిగితే స్టేషన్ బోర్డు మీద రామగుండం. బస్సు ఎక్కితే నుదుటి మీద గోదావరిఖని. కరెంటు పుట్టేది జ్యోతినగర్‌లో. 2009లో ఇవన్నీ కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో 2,29,644 మంది తేలారు. 2020 జనవరి ఎన్నికల నాటికి 50 డివిజన్లు. ఆ హద్దులు కార్పొరేషన్ మ్యాపులో ఉంటాయి, నేలమీది హద్దులు వేరు. సింగరేణి క్వార్టర్లు సింగరేణివి. ఆ బొగ్గు కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ ఎన్‌టీపీసీది. ఎరువుల కర్మాగారం 1980లో మొదలై 1999లో మూతపడి, 2021 నుంచి ఆర్‌ఎఫ్‌సీఎల్ అన్న కొత్త పేరుతో మళ్ళీ యూరియా తీస్తోంది. దాని కాలనీ దానిది. ఇంతమంది యజమానులు పంచుకోగా మిగిలిన సందులకు కార్పొరేషన్ వారసురాలు.

మోరీకి ఈ పంపకాలు పట్టవు. క్వార్టర్ వెనక పుట్టిన కాలువ ప్రహరీ దాకా కంపెనీది, ప్రహరీ దాటితే కార్పొరేషన్‌ది, నదిలో పడ్డాక కాలుష్య నియంత్రణ మండలిది. ఫిర్యాదు రాసేవాడు ముందు తన మురుగు ఎక్కడిదాకా పోయిందో వెతుక్కుని, అప్పుడు దరఖాస్తు మీద "గౌరవనీయులైన" తర్వాతి ఖాళీ నింపాలి.

మురుగునీరు: తలా 135 లీటర్ల నీళ్ళిస్తే అందులో 80 శాతం మురుగై తిరిగి వస్తుందని మన ప్రజారోగ్య ఇంజినీర్లు లెక్క కట్టుకునే పద్ధతి. ఆ పద్ధతిన 2011 జనాభాకే రోజుకు దాదాపు రెండున్నర కోట్ల లీటర్లు. ఇది కాగితం లెక్క. 135 లీటర్లు నిజంగా ఎన్ని ఇళ్ళకు వస్తున్నాయో నల్లా దగ్గర బిందెలు వరసపెట్టిన ఆడవాళ్ళను అడగాలి.

దీని స్వరూపం చూడదలచినవారు మధ్యాహ్నం పూట కాలనీకి వెళ్ళాలి. పొద్దున్నే దిగిన ఫస్ట్ షిఫ్టు మూడు గంటలప్పుడు పైకొస్తుంది. నాలుగయ్యేసరికి డ్యూటీ బట్టలు నానబెట్టిన బకెట్లు ఒకటొకటే మోరీలోకి ఒంపుతారు. ముందు నల్లటి నీళ్ళు, వెనకే సబ్బు నురగ. మలుపులో పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు అడ్డుపడ్డ చోట నీళ్ళు ఆగి, బొగ్గుపొడి అడుగున పొరగా కూర్చుంటుంది. కాసేపటికి పైన నీళ్ళు అద్దంలా తేటబడతాయి. ఆ తేటకు మోసపోయి మెచ్చుకోబోయే లోపల, పక్కింటి గోడలోంచి ఒక పైపు కనిపిస్తుంది. అది సెప్టిక్ ట్యాంకుది.

గనినీరు వేరు, మురుగునీరు వేరు. ఈ భేదం తెలియనివాళ్ళు వ్యాఖ్యకు అధికారులు కారు. బొగ్గు తవ్వాలంటే ముందు ఊరే నీటిని సంపుల్లోకి చేర్చి పంపులతో పైకి తోడాలి, రాత్రింబవళ్ళు. ఆ నీరు చెరువులకూ పొలాలకూ పోతుందని కంపెనీ చెప్పుకుంటుంది, కొంత నిజం కూడా. బొగ్గు తీసిన ఖాళీలో గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి నింపేవారు. దాని కోసమే ఏటి ఒడ్డున ఇసుక బంకర్లు వెలిశాయి. అంటే ఈ నగరం ఏరు దగ్గర ఇసుక తీసుకుంది, తాగడానికి నీళ్ళు తీసుకుంది, బాయిలర్లకు నీళ్ళు తీసుకుంది. తిరిగి ఇచ్చింది ఏమిటన్నది ప్రస్తుత పదార్థం.

గోదావరి నదిలో: ఖనివాళ్ళు గోదావరి అనరు, గంగ అంటారు. ఏటి వైపు ఒక వాడ పేరే గంగానగర్. అలంకారశాస్త్రంలో లక్షణకు చెప్పే ఉదాహరణ ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది: గంగలో గొల్లపల్లె ఉందన్నప్పుడు ప్రవాహంలో ఇళ్ళుండవు గనక ఒడ్డున అని అర్థం చేసుకోవాలి. మరి ఒడ్డున అనకుండా గంగలో అనడం ఎందుకు? ఆ పల్లెకు చల్లదనం, పవిత్రత ఉన్నాయని సూచించడానికి. శాస్త్రకారులు ఇంతవరకే చెప్పారు. ఖనికి వస్తే ప్రయోజనం చెడింది. చల్లదనం ఎన్‌టీపీసీ చిమ్నీల కింద ఎటూ లేదు. పవిత్రత సంగతి నాలా కలిసే చోట నిలబడి ముక్కును అడగాలి. ముఖ్యార్థం బాధింపబడాలన్న నియమం కూడా ఎప్పుడూ నిలవదు. 2022 జూలై వరదల్లో అవతలి ఒడ్డున మంచిర్యాల కాలనీలు నిజంగానే గంగలో ఉన్నాయి.

కలవకుండా: ఇందులోని వ్యతిరేకార్థమే ఈ తీర్మానానికి ప్రాణం. కలుస్తోందన్న ఒప్పుకోలు దాని లోపల దాగి ఉంది. అయితే కలిశాక ఏమవుతుందన్నది మూలకర్త చెప్పలేదు, వ్యాఖ్యాత చెప్పక తప్పదు.

ఖనికి ఎగువన ఎల్లంపల్లి జలాశయం, 20 టీఎంసీలది. దిగువన సుందిళ్ల బ్యారేజీ. రెంటి మధ్య నదీభాగంలోకే ఈ నగరపు నాలాలు దిగుతాయి. కాళేశ్వరం ఎత్తిపోతలు 2019లో మొదలయ్యాక సుందిళ్ల వెనక నిలిచిన నీటిని గోలివాడ పంప్‌హౌస్ ఎత్తి ఎల్లంపల్లిలో పోసింది. నది కిందికి పారుతుందన్న పాత నమ్మకానికి అక్కడ చుక్కెదురైంది. ఎల్లంపల్లి ఒడ్డున ముర్మూరు నుంచి 2015 చివరి నుంచే హైదరాబాదుకు గోదావరి జలాలు పోతున్నాయి. కాబట్టి ఖని మోరీలో పడ్డది నదిలోకి దిగి, బ్యారేజీ దగ్గర ఆగి, మోటార్లతో వెనక్కి నడిచి, రాజధాని పైపు ముందు నిలబడే దారి ఒకటి ఏర్పడింది. కారణం ఒకచోట, కార్యం మరోచోట ఉంటే అది అసంగతి అలంకారం. ఇంత ఖర్చుతో కట్టిన అసంగతి మన సాహిత్యంలో ఇంకోటి లేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ నీటి మొత్తంలో ఖని మురుగు పాలు చిన్నది, హైదరాబాదుకు చేరేలోపు శుద్ధి కూడా జరుగుతుంది. 2023 అక్టోబరులో కాళేశ్వరం పథకంలోదే అయిన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి బ్యారేజీలు ఖాళీ చేశాక ఈ తిరుగుప్రయాణమూ ఆగింది. హైదరాబాదువాసులు గ్లాసు దించనక్కర్లేదు. అయినా, ఖనిలో మురుగంతా శుద్ధి కాకపోవడం ఖనివాళ్ళ గొడవ మాత్రమేనన్న భ్రమ ఆ నాలుగేళ్ళలో పోవలసింది, పోలేదు.

తగు చర్యలు: ఇది పారిభాషిక పదం. తగినవి అని అర్థం. ఎవరికి తగినవి అన్నది సందర్భాన్ని బట్టి గ్రహించాలి. నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది 1974లో. శుద్ధి చేయకుండా, అనుమతి లేకుండా ఏటిలోకి మురుగు వదలకూడదని అది చెబుతుంది. దేశంలో 351 నదీభాగాలు చెడిపోయాయని 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క తేల్చింది. తెలంగాణ జాబితాలో మూసీ తోబాటు గోదావరి కూడా ఉంది. పత్రికలో వచ్చిన ఆ వార్త చూసి హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. నీటిలో కుళ్ళు ఎంతుందో చెప్పే కొలత బీఓడీ. శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో మామూలు ఊళ్ళకు లీటరుకు 30 మిల్లీగ్రాములు ఉండొచ్చని 2017లో కేంద్రం అంటే, 2019లో ట్రిబ్యునల్ కాదు, 10 అంది. స్నానానికి పనికిరావాలంటే నదిలో 3 దాటకూడదు. కొలతలు ఏటేటా బిగుస్తూనే ఉన్నాయి, మోరీకి కబురు అందలేదు. అమృత్ పథకం 2015లో వస్తే, అది ఎంచుకున్న 500 పట్టణాల్లో రామగుండమూ ఉంది. చట్టం ఉంది, తీర్పు ఉంది, పథకం ఉంది. కారణాలన్నీ సమకూడినా కార్యం పుట్టకపోతే విశేషోక్తి.

కార్యం పుట్టకపోవడానికి ఇక్కడ ప్రత్యేకమైన అడ్డంకి ఒకటుంది. దాన్ని ఇంజినీర్లే సభలో గట్టిగా చెప్పాలి, చెప్పరు. శుద్ధి కేంద్రం కట్టడం సులువు, ప్రారంభోత్సవానికి శిలాఫలకం నిలబెట్టుకోవడానికి జాగా ఉంటుంది. ప్రతి ఇంటి నుంచి అక్కడిదాకా భూగర్భంలో పైపు వేయడం కష్టం. ఇక్కడి భూగర్భంలో ఇంకొకరున్నారు. కింద పాత గనుల ఖాళీలు, పైన ఇళ్ళు, నేల కుంగే చోట్లున్నాయి. పైపు వాలు తప్పితే మురుగు వెనక్కి తంతుంది. పైన స్థలం కంపెనీది, ఇల్లు కట్టుకున్నవాడిది, పన్ను కార్పొరేషన్‌ది. గుంత తవ్వడానికి ఎవరిని అడగాలో తేలేలోపు వానాకాలం వస్తుంది.

విమానాశ్రయ ప్రతిపాదనకు: ఈ సమాసంలో విమానాశ్రయం విశేషణం, ప్రతిపాదన విశేష్యం. కొత్తగా చదివేవాళ్ళు తిరగేసి చదివి ఆశపడతారు. బసంత్‌నగర్‌లో ఒకప్పటి కేశోరామ్ సిమెంటు ఫ్యాక్టరీ పక్కన ఒక రన్‌వే ఉంది. ఎనభైల్లో వాయుదూత్ విమానాలు అక్కడ దిగేవి. ఆ సంస్థ పోయింది, విమానాలు పోయాయి, ఆర్‌ఎండీ అన్న మూడక్షరాల అంతర్జాతీయ సంకేతం మాత్రం మిగిలింది. విమానం లేని విమానాశ్రయానికి పేరుండటాన్ని తార్కికులు ఎలా సమర్థిస్తారో మాకు తెలియదు. తర్వాత రాష్ట్రంలో ఆరు చోట్ల విమానాశ్రయాలకు వీలుందా అని చూసినప్పుడు మామునూరు, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, కొత్తగూడెం, మహబూబ్‌నగర్ వైపు ఒకటితోపాటు బసంత్‌నగర్ కూడా లెక్కలోకొచ్చింది. 2025కు చూపు అంతర్గాం మీదికి మళ్ళింది: 591 ఎకరాల పైచిలుకు, ముందస్తు అధ్యయనానికి సుమారు 40 లక్షల రూపాయలు. అంతర్గాం మండలమంటే ఎల్లంపల్లి జలాశయం పక్కనే. ముర్మూరు, గోలివాడ దాని పరిధిలోవే.

పర్యావరణ అంశములు: ఇక్కడే రెండు విషయాలకూ ముడి పడింది. 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది ఒకటుంది. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించే చెత్తా చెదారం, కుళ్ళు పదార్థం వేయకూడదు, జంతువును కోయకూడదు. పక్షి ఇంజిన్లో పడితే విమానం పడొచ్చు గనక. అంతర్గాంను కేంద్రంగా పెట్టి వృత్తం గీస్తే అందులో జలాశయం పడుతుంది, ఊళ్ళు పడతాయి, ఊళ్ళ చికెన్ దుకాణాలు పడతాయి. జలాశయంలో కొంగలు, నీటికోళ్ళు ఉంటాయి. నిబంధన వాటికి చదివి వినిపించే అధికారిని ఇంకా నియమించలేదు.

ఇంకో వింత. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం వాణిజ్య విమానాశ్రయం చిన్నదైనా పెద్దదైనా ఢిల్లీ దాకా వెళ్ళి అనుమతి తెచ్చుకోవాలి. ఎగిరే విమానం ఎంత మోత చేస్తుంది, ప్రయాణికుల మరుగుదొడ్ల నీళ్ళు ఎక్కడ శుద్ధి చేస్తారు, చెట్లెన్ని పోతాయి, అన్నీ ముందే రాసి, షామియానా వేసి, మైకు పెట్టి జనాన్ని అడగాలి. ఇంకా పుట్టని విమానాశ్రయపు మురుగుకు ఇంత విచారణ ఉంది. పుట్టి యాభై ఏళ్ళు దాటిన ఖని మురుగు కోసం ఎవరూ షామియానా వేయలేదు.

పూర్వపక్షం. చౌరస్తా టీ కొట్టు దగ్గర ఒక రిటైర్డ్ కార్మికుడు ఇలా ఆక్షేపిస్తాడనుకుందాం: "ఇమానం వస్తె మాకేమొస్తది సారూ? మోరీ తియ్యుండ్రి అంటె రేపంటరు, ఇమానం ఎల్లుండంటరు. ఎల్లుండి ముందుగాల వస్తదా ఏంది?" సిద్ధాంతి సమాధానం: విమానాశ్రయం రావడం తప్పు కాదు, యూరియా ఫ్యాక్టరీ అధికారులకూ విద్యుత్తు ఇంజినీర్లకూ హైదరాబాదు రోడ్డు తప్పుతుంది. ఒకే వాక్యంలో రెంటినీ ఒకే క్రియకు కట్టేయడం తప్పు. ఒకదానికి రాష్ట్రం, ఢిల్లీ కావాలి. రెండోదానికి జెట్టింగ్ మిషన్, నలుగురు మనుషులు, ఒక పైపు వాలు చాలు మొదలుపెట్టడానికి. రెంటినీ కలిపి "పై విషయములు" అన్నప్పుడే చిన్నది పెద్దదాని వెంట సచివాలయానికి బయలుదేరింది. ఈ సమాధానానికి ఆ పెద్దమనిషి ఇంకో చాయ్ చెప్పి ఊరుకుంటాడు.

ఏకగ్రీవముగా: మురుగుకు ప్రతిపక్షం లేదని భావం.

కౌన్సిల్ వారు ఆమోదించడమైనది: కౌన్సిల్ వారు అని కర్త ఉన్నాడు. క్రియ మాత్రం ఆ కర్తను గుర్తుపట్టదు. ఆమోదించారు అనలేదు, ఆమోదించబడింది అనైనా అనలేదు. వ్యాకరణకర్త చిన్నయసూరి చూస్తే కలం పక్కన పెట్టేసేవాడు. కార్యాలయ భాష కొన్ని తరాలుగా సాధించుకున్న ప్రయోగమిది, పొరపాటుగా భావించరాదు. గడువు లేదు, మొత్తం లేదు, బాధ్యుడైన ఇంజినీరు పేరు లేదు, వాక్యం నిండుగా ఉంది. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి, 2027లో మళ్ళీ వస్తాయి. ఘాట్ల మెట్లకు రంగులు, బట్టలు మార్చుకునే గదులు, బారికేడ్లు, ఫ్లడ్‌లైట్ల కోసం ఎజెండాలో ఒక అంశం పడుతుంది. అందులో పని పేరు ఉంటుంది, అంచనా రూపాయలతో సహా ఉంటుంది, ఎన్ని రోజుల్లో ముగించాలో ఉంటుంది, కాంట్రాక్టరు పేరు కూడా త్వరలోనే చేరుతుంది. అలాంటి తీర్మానానికి టీకా అక్కర్లేదు. వ్యాఖ్యాతలు పై దానితోనే బతకాలి.