పేరేదైతే ఏందబ్బయ్యా: టీకా తాత్పర్య సహితం

మూలం:
"పేరేదైతే ఏందబ్బయ్యా, బ్యారేజీ కాడ ఆపు."

అవతారిక. సంగం సెంటర్లో నిండి పొదలకూరు దిక్కుగా కదిలిన షేర్ ఆటోలో, వెనక సీటు పెద్దాయన పలికిన వాక్యమిది. అంతకు ముందు డ్రైవరు కుర్రాడు, "యాడ దిగాల పెద్దాయనా? మేకపాటి గౌతమ్‌రెడ్డి సంగం బ్యారేజీ కాడా?" అని బోర్డు మీద ఉన్నదంతా అప్పజెప్పడం ఇక్కడ ప్రసంగం.

పూర్వకథ కొంత తెలియాలి. ఇక్కడ పెన్నకు అడ్డంగా తెల్లదొరల నాటి ఆనకట్ట ఒకటి ఉండేది. అవతలి ఒడ్డుకు పోవాలంటే అదే దారి. పెన్న నిండుగా వచ్చిందా, పొదలకూరు దారి మూతే; ఎదురుగా కనపడే ఊరికి నెల్లూరు చుట్టి పోవడమే. ఆ బాధ తీర్చడానికి పైన వంతెనతో బ్యారేజీ మొదలుపెట్టారు. అది ఏళ్ల తరబడి సాగింది. ఈలోగా ఆత్మకూరు ఎమ్మెల్యే, పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హఠాత్తుగా పోయారు. మార్చిలో అసెంబ్లీ సంతాపం తెలిపిన రోజునే, ఈ బ్యారేజీకి ఆయన పేరు పెడతామని ముఖ్యమంత్రి జగన్ ప్రకటించారు. సెప్టెంబర్ 6న ప్రారంభం జరిగింది.

ప్రతిపదార్థం. పేరు = పిలవడానికి పెట్టినది; ఇక్కడ లక్షణ చేత బోర్డు అని గ్రహించాలి. ఏదైతే = ప్రభుత్వాలు ఎన్ని మారినా అని భావం. ఏంది = ప్రశ్నలాగా కనిపించే కొట్టివేత; నెల్లూరు సీమలో దీనికి జవాబు చెప్పినవాడు పొరుగూరి వాడని తేలిపోతుంది. అబ్బయ్యా = ఓ చిన్నవాడా; నా వయసు చూడు, చిల్లర దగ్గర పేచీ పెట్టకు అనే రెండు అర్థాలూ ఈ సంబోధనలో ఇమిడి ఉన్నాయి. బ్యారేజీ = ఇంజనీర్ల లెక్కలో 3.85 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఆధారం. పెద్దాయన లెక్కలో దిగే చోటు. కాడ = వద్ద. పండితులు దిద్దుకుంటే దిద్దుకోవచ్చు గాని, ఆటోలు 'వద్ద' ఆగవు, 'కాడ'నే ఆగుతాయి. ఆమాటకొస్తే ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాసిన వేదం వేంకటరాయశాస్త్రిగారు నాటకాల్లో ఎవరి నోటి మాట వారికే ఇచ్చారు. 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి ఆ మాటల్ని రంగం మీద పలికించారు కూడా. ఆయన చాటున నిలబడి ఈ వ్యాఖ్యాత మూలం జోలికి పోలేదు. ఆపు = విధ్యర్థకం. వాక్యానికి ప్రాణం ఇదే. మిగతాదంతా దీనికి పీఠిక.

వ్యాకరణ విశేషం. ఇంత పెద్ద పేరు మార్పు జరిగినా సంగంలో ఒక్క టైరైనా ఎందుకు కాలలేదు? ఆగమం స్నేహితుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి లేపి ఆ చోట కూర్చుంటుందనీ వ్యాకరణం చదివిన వాళ్లకు చిన్నప్పుడే చెబుతారు. సంగంలో జరిగింది ఆగమం. కొత్త పేరు ముందు చేరింది, 'సంగం' కదలకుండా వెనక ఉంది. బీరాపేరు వాగు పెన్నలో కలిసినట్టు కలిసిపోయింది. ఊరి పేరు ఊరికి ఉంది, మంత్రిగారి పేరు మంత్రిగారికి ఉంది.

సరిగ్గా పదిహేను రోజులకు ఆదేశం ఎట్లా ఉంటుందో రాష్ట్రం చూసింది. 2022 సెప్టెంబర్ 21న విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 1998 నుంచీ ఉన్న ఎన్టీఆర్ పేరు తీసి, వైఎస్సార్ పేరు పెడుతూ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. ఎంత గోల! అటు పార్టీ, ఇటు పార్టీ, ఎన్టీఆర్ కుటుంబం, సినిమా వాళ్లు, అందరూ వ్యాఖ్యాతలే. 2024లో ప్రభుత్వం మారింది, పాత పేరు తిరిగొచ్చింది. కడప సంగతీ ఈ సూత్రానికి లోబడిందే: 2010లో 'వైఎస్సార్ జిల్లా' అని ఆదేశంగా వచ్చిన పేరు, 2025లో 'వైఎస్సార్ కడప జిల్లా' అని ఆగమంగా సర్దుకుంది.

ఆక్షేపం. ఆగమం అంత మంచిదైతే, 2010లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలుగు లలిత కళాతోరణానికి రాజీవ్ గాంధీ పేరు తగిలిస్తామన్నప్పుడు తెలుగుదేశం వాళ్లు ఎందుకు అడ్డం తిరిగారు? కచేరీలు జరిగే ఆరుబయట రంగస్థలం అది. ఉన్న పేరును ఎవరూ చెరపలేదే?

సమాధానం. అక్కడ అధ్యాహారం ఉంది. వాక్యంలో కనపడకపోయినా అర్థం చేసుకునేటప్పుడు తెచ్చి కలుపుకోవలసిన పదం అన్నమాట. కళాతోరణం పేరులో ఎన్టీఆర్ అనే మాట లేదు; కానీ కట్టించిన ప్రభుత్వం ఆయనది, పేరు మొదట్లో 'తెలుగు' అన్నప్పుడే ఆయన వినపడతాడు. ఖాళీ అనుకుని కూర్చోబోయిన కుర్చీలో ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు.

లోపం. ఆగమానికి ఒక జబ్బుంది: నోట్లో నిలవదు. 2008లో మా జిల్లా 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' అయింది. కాగితాల మీద అది ఎస్పీఎస్సార్‌గా కుదించుకుపోయింది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు పస్తుండి 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచిన మనిషి నాలుగు ఇంగ్లీషు అక్షరాలైపోయాడు. ఈ వ్యాఖ్యాతకు ఇక్కడ మాత్రం నవ్వు రాలేదు. ఆ పేరు పెట్టకుండా ఉన్నా ఆయనను ఇంతకంటే ఎక్కువ మరిచిపోయేవాళ్లం కామేమో.

నెల్లూరులో సభా కచేరీ జరిగే చోటు తీసుకోండి. ఆహ్వాన పత్రికలో అది రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం. మర్నాడు పేపర్లో పురమందిరం. ఆటోవాడికి టౌన్‌హాలు. పాటగాడు గొంతు సవరించుకునే వేళకు మూడు పేర్ల వాళ్లూ ఒకే హాల్లో, ఒకే ఫ్యాను కింద చోటు కోసం తోసుకుంటూ ఉంటారు.

తాత్పర్యం. ఓ చిన్నవాడా! పేరు పెట్టినవారికి పెట్టిన పుణ్యం, పెట్టించుకున్నవారికి స్వర్గం కలుగుగాక. నాకు పొద్దు పోతున్నది. బ్రేకు వేయుము.

పాఠాంతరం. కొన్ని ప్రతులలో 'ఆపు' తర్వాత "దాటించేసినావు గదరా!" అని అదనంగా కనిపిస్తున్నది. ప్రక్షిప్తమని కొందరంటారు గాని, ఆటోల వేగాన్ని బట్టి మూలకర్తదే అని మా నిర్ణయం.