క్లిప్పుల వైద్యుని ఎన్నుకొను విధము

ఇంట నెదుగుచున్న ఆడుబిడ్డ నవ్వినప్పుడెల్ల అరచేత నోరు మూసికొనుచున్నదని తల్లి మూడు నెలలు కనిపెట్టి, నాలుగవ నెలలో, భర్త భోజనమై చేయి కడుగుకొను సమయము చూచి, "ఈ ఎత్తుపళ్ళతో రేపు దీన్నెవరు చేసుకుంటారండీ?" అని యడిగినదనగా, ఆ గృహస్థు క్లిప్పుల వైద్యుని వెదకుటకు బద్ధకంకణుడైనట్లే. ఈ వ్యవహారమున నేను కొంత పరిశ్రమ చేసినవాడను గావున, నావలె సంసారులైన వారికి ఉపకరించునని యీ సూచనలు వ్రాయుచున్నాను. ఇందులో నేను స్వయముగా ఆచరింపనిది ఒక్కటియు లేదు.

బెజవాడ సూర్యారావుపేటలో ఏ వీథి మొగనో నిలిచి తలయెత్తినచో వైద్యుల బోర్డులు తోరణములవలె గానవచ్చును. వానిపై పేరుల ప్రక్కనుండు చిన్న యక్షరములను చదువుట మర్యాద గాదు. బి.డి.ఎస్. అనగా హౌస్ సర్జను ఏడాదితో గూడ 5 ఏండ్ల చదువనియు, ఆ పిమ్మట మఱి 3 ఏండ్లు పండ్లను కదలించు విద్యనే ప్రత్యేకముగా అభ్యసించి ఎం.డి.ఎస్. పుచ్చుకొన్నవారినే ఆర్థోడాంటిస్టులందురనియు కొందఱు చాదస్తులు చెప్పుదురు. మా బావగారి తోడల్లుడు జ్ఞానదంతము పీకించుకొని బ్రతికి బయటపడిన చోటు మనకు చాలదా? అచట సోఫా మెత్తగా నున్నదా, ఏ.సీ. చల్లగా నున్నదా, గాజుతొట్టిలో చేపలు హుషారుగా నున్నవా యని మాత్రము పరీక్షింపవలయును. తీగ బిగించునది ఈ డాక్టరుగారేనా, లేక వారమున కొకనాడు పొరుగూరినుండి వచ్చిపోవు మఱియొకరా, నడుమ తీగ బుగ్గకు గ్రుచ్చుకొన్నచో ఎవరికి ఫోను చేయవలయును అని యడిగితిరా, మీరు అనుమానపు మనుష్యులని ఇట్టే తెలిసిపోవును.

టార్చిలైటు వేసి ఒక్కసారి నోటిలోనికి తొంగిచూచి రేటు చెప్పివేయువాడే ఘనుడు. తక్కినవారు కాలయాపన చేయుదురు. దవడలు రెండింటిని చూపు ఎక్స్‌రే ఒకటి, తలను ప్రక్కనుండి చూపునది మఱియొకటి తీయింతురు. పై వరుసలోని మొదటి పెద్దదవడపన్ను క్రిందిదానిపై ఎట్లు కూర్చున్నదో చూచి, 1899లో ఎడ్వర్డ్ ఏంగిల్ అను అమెరికా వైద్యుడు ఏర్పఱచిన మూడు తరగతులలో మీ బిడ్డది ఏదో తేల్చుదురు. పిమ్మట గులాబిరంగు పిండిని రబ్బరు గిన్నెలో చకచక కలిపి, స్టీలు ట్రేలో నింపి, నోట గ్రుక్కుదురు. మా యమ్మాయి ఆ రెండు నిమిషములును నా చిటికెనవ్రేలిని విఱుగబట్టుకొని, గడ్డముమీదుగా చొంగ కాఱుచుండగా, ముక్కుతో ఊపిరి పీల్చుచు కూర్చుండెను. వారము దినములకు డాక్టరుగారు ఆ యచ్చునుండి పోసిన తెల్లని దంతములను నా చేతిలో నుంచిరి. ముందరి పండ్లు రెండు, వాని నడుమ సందు, ఆ ప్రక్కదాని వంపు, అన్నియు సాక్షాత్తు నావే. ఎత్తుపళ్ళు అత్తవారి వైపునుండి సంక్రమించినవని పదేండ్లుగా నేను చేయుచున్న వాదము నాటితో ముగిసినది. ఇట్టి యనర్థములు కలవు గనుకనే అచ్చులు వలదనుచున్నాను.

ఇక వెలలు. లోహపు క్లిప్పులు అన్నిటికంటె చవుక. మనయూళ్ళలో సుమారు 30,000 మొదలు 50,000 రూపాయల వఱకు. పంటిరంగున గలిసిపోవు సిరామిక్ క్లిప్పులకు మఱి పది పదిహేను వేలు ముట్టును. కనబడీ కనబడని అలైనర్లకు లక్ష దాటుటయు కలదు. ఇవి దినమునకు 20 నుండి 22 గంటలు నోట నుండవలయును, తినునపుడు తీసి, పండ్లు తోముకొని, మరల ధరింపవలయును. మీ పుత్రరత్నము తడితువాలు ఆరవేయుటకే నాలుగుమాఱులు చెప్పించుకొనువాడైనచో తప్పక అలైనర్లే కొనుడు. చెప్పిన మొత్తములో ఎక్స్‌రేలు, పండ్లు పీకుట, ఊడిన క్లిప్పును మరల అతికించుట, తుదకు ఇచ్చు రిటైనర్లు చేరినవో లేదో కాగితముమీద వ్రాయించుకొనవలదు. నెలకొక క్రొత్త పద్దు బయటపడుటలోని యుత్కంఠ పోగొట్టుకొందురు.

స్థలము చాలని నోట కోరపండ్ల వెనుకనుండు చిన్నదవడపండ్లు నాలుగింటిని తీయించుమనుట కలదు. "పుచ్చని పళ్ళు పీకించడమేమిట్రా, డబ్బులిచ్చి మరీ!" అని మా పెద్దమ్మ రెండు దినములు అన్నము మానెను. బస్సులో ముగ్గురి సీటున నలుగురు కూర్చున్నచో ఒకరు నడవలోనికి వ్రేలాడక తప్పదని నచ్చజెప్పబోయితిని. కాని ఆమె తెనాలినుండి బెజవాడకు నలుబదియేండ్లు అట్లు కూర్చుండియే తిరిగినది.

పెండ్లి కావలసిన పిల్ల విషయమున, మాఘమాసపు ముహూర్తములలోపల పని ముగింతునని మాట యిచ్చువానిని విడువరాదు. పన్ను మేకువలె ఒకచోట ఊడబెరికి మఱియొకచోట పాతునది కాదు. తీగ నొక్కినవైపు ఎముక కరగి, విడిచినవైపు క్రొత్త ఎముక పేరుచుండగా, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగును. ఏడాదిన్నర, రెండేండ్లు పట్టుట అందువలననే. గట్టిగా లాగినచో వేరు అరిగిపోవు ప్రమాదము గలదు. ఎముకకు పంచాంగము తెలియదు. మనకు తెలియును గదా!

క్లిప్పులు విప్పిననాడే చికిత్స ముగిసినదని నిశ్చయించుకొనవలయును. పండ్లు పాతచోటికి పోజూచుననియు, వానిని నిలువరించుటకు రిటైనరు విడువక ధరింపవలెననియు డాక్టరుగారు చెప్పుచున్నప్పుడు మేము మిఠాయిపొట్లము విప్పుచుంటిమి. పదునొకండవ దినమున గుడివాడలో మా బావగారి అమ్మాయి పెండ్లి. మా పిల్ల బంతిలో కూర్చుండి, బుద్ధిమంతురాలగుటచే, రిటైనరు తీసి కాగితపు రుమాలున చుట్టి ఆకు ప్రక్కన నుంచినది. పెరుగన్నమైనది. ఆకు మడచి లేచినది. తాంబూలము వేసికొనిన పిమ్మట నా ఉత్తరీయపు కొంగు పట్టుకొని, "నాన్నా, నా రిటైనరు..." అనినది. పట్టుపంచె ఎగగట్టి, కల్యాణమండపము వెనుక మూడువందల విస్తళ్ళ గుట్టయొద్ద నేనును, మా బావగారి తోడల్లుడును, రెండు కుక్కలును వెదకితిమి. మాకంటె ముందు కుక్కకు దొరకినది.