దువ్వెనకు తలంటు

గడచిన శ్రీరామనవమికి సీతారాముల కల్యాణము కన్నులార చూడవలెనని హైదరాబాదు నుండి భద్రాచలమునకు వచ్చిన మా మేనకోడలు, కాళ్ళు కడుగుకొని కాఫీ త్రాగిన పిమ్మట, తన పెట్టె విప్పి మా నడిమింటి బల్లపై వరుసగా పేర్చిన సామగ్రిని చూచి, ఈ పిల్ల ఎప్పుడు దంతవైద్యము నేర్చెనా యని నేను విస్తుపోయితిని. అందు మొదటిది తల దువ్వుకొను బ్రష్షు. రెండవది ఆ బ్రష్షు పళ్ళనడుమ చిక్కిన వెంట్రుకలను పెరికివేయుటకు పిల్లిపంజా వంటి చిన్న కొంకి. మూడవది జిడ్డును కరిగించు పరిమళద్రవము. నాల్గవది, కడిగి ఆరబెట్టిన బ్రష్షును లోపల పరుండబెట్టి అతినీలలోహిత కిరణములతో క్రిములను సంహరించు పేటిక. "ఇవన్నీ దేనికే అమ్మాయీ?" అని అడిగితిని. "బ్రష్షులో ఎంత బాక్టీరియా ఉంటుందో నీకు తెలియదు మామయ్యా! వారానికోసారి డీప్ క్లీన్ చెయ్యకపోతే ఉన్న జుట్టంతా ఊడిపోతుంది" అని పలికి, ఆమె నా నున్నని శిరస్సు వంక జాలిగా చూచినది. దువ్వెన కడుగని పాపమే నన్నీ స్థితికి తెచ్చినదని ఆ చూపునకు తాత్పర్యము. నా బట్టతల మా తాతగారి నుండి మా తండ్రికి, మా తండ్రి నుండి నాకు సంక్రమించినదనియు, మా వంశమున కోర్టుకెక్కకుండ చేతులు మారిన ఆస్తి అదియొక్కటియే యనియు ఆమెకు చెప్పి ప్రయోజనము లేకపోయినది.

తర్కశాస్త్రమున అనవస్థ యను దోషమొకటి కలదు. ఒకదానికి ఆధారముగా రెండవది, రెండవదానికి మూడవది కావలసివచ్చి, ఎచ్చటను నిలుకడ లేకుండ పోవుటయే ఆ దోషము. తలలోని మురికికి బ్రష్షు, బ్రష్షులోని మురికికి కొంకి, కొంకికి అంటిన జిడ్డునకు ద్రవము, ద్రవము వదలిపెట్టిన క్రిములకు పేటిక. ఇక పేటికలో పేరుకొను ధూళిని తుడుచుటకు రేపు మరియొక బ్రష్షు రాకమానదు. ఏ దోషమును చూచి మన తార్కికులు వాదము చాలించుకొని లేచిపోయెడివారో, ఆ దోషమే నేటి వర్తకులకు మూలధనమైనది. మరునాడు, సీతారాములు వనవాసమున నివసించిరని చెప్పు పర్ణశాలకు మేనకోడలితో వెళ్ళితిమి. అచ్చట సీతమ్మవారు పసుపుకుంకుమలు నూరుకొన్న రాళ్ళని కొన్నిటిని, నారచీరలారవేసిన గుర్తులని కొన్నిటిని చూపుదురు. వనవాసమున ఆ తల్లి బ్రష్షు కడిగిన రాయి ఇదియని చూపువాడు మాత్రము ఇంతవరకు పుట్టలేదు. ఈ వ్యాపారము సంగతి తెలిసినచో రేపు పుట్టవచ్చును.

దువ్వెన మురికియగుట యను మహావిషయమును నేటి నాగరికులే కనిపెట్టిరని ఎవరును గర్వింపనక్కరలేదు. ఇజ్రాయేలు దేశమున లాకీషు అను ప్రాచీన నగరశిథిలములలో 2016లో ఒక చిన్న దంతపు దువ్వెన దొరకినది. ఒక ప్రక్క చిక్కు తీయుటకు ఆరు లావుపళ్ళు, రెండవ ప్రక్క పేలు తీయుటకు పదునాలుగు సన్నపళ్ళు ఉండెడివట. మన అమ్మమ్మల పేలదువ్వెనకు అది ముత్తవ్వ యనవచ్చును. దానిపై గీయబడిన కనాను అక్షరములను చదివి, జుట్టులోను గడ్డములోను ఉన్న పేలను ఈ దంతము పెకలించుగాక యని భావమని 2022లో పండితులు ప్రకటించిరి. సుమారు 3,700 సంవత్సరముల నాటిదని అంచనా వేయబడిన ఆ దువ్వెన పళ్ళనడుమ పేల అవశేషములు సైతము లభించినవి. అనగా దాని స్వంతదారు దానిని సరిగా కడుగలేదు. కడుగకపోవుటచేత అతడు చరిత్రకెక్కినాడు. కొంకియు ద్రవమును కలిగియుండినచో మనకీ సాక్ష్యము దక్కెడిది కాదు.

ఇక బ్రష్షు సంగతి. న్యూయార్కు నగరవాసిని, ఆఫ్రికా సంతతికి చెందిన లైడా న్యూమన్ అను వనిత, శుభ్రపరచుట సులభమగునట్లు కుచ్చు ఊడదీయుటకును, లోపల చేరిన మురికిని తెరచి తీసివేయుటకును వీలుగల బ్రష్షును రూపొందించి, 1898 నవంబరు 15న అమెరికా ప్రభుత్వమునుండి పేటెంటు పొందినది. మురికిని వదిలించు ఉపాయమును వస్తువులోనే అమర్చిన ఆ బుద్ధియెక్కడ, మురికి నిలుచునట్లు వస్తువును చేసి, దానిని వదిలించు ఉపాయమును వేరొక సీసాలో పోసి అమ్ము ఈ బుద్ధియెక్కడ!

ఇంతకును ఆ భయంకర మాలిన్యమెట్టిది? ఆరోగ్యవంతుని తలనుండియే దినమునకు ఏబది మొదలు నూరు వెంట్రుకల వరకు సహజముగా రాలును. వానితోపాటు తలపై రాలిన మృతచర్మము, చెమట, నూనె, వీధిదుమ్ము. వెరసి అది మన తలయే. పరాయి శత్రువు కాదు. వెంట్రుకలను జిడ్డును తీయక బ్రష్షును పేటికలో పెట్టినచో, కిరణము పడినచోట పని చేయునే గాని జిడ్డుచాటున దాగినవానిని వెదకిపోదు. పేలున్న ఇంటనైనను, చేయి కాలునంత వేడిగల, అనగా 54 డిగ్రీల నీటిలో దువ్వెనను అయిదు పది నిమిషములుంచిన చాలునని వైద్యులు చెప్పుదురు. మా మేనకోడలి రెండవ శాస్త్రము మరింత రమణీయమైనది: వెనిగరును వంటసోడాను కలిపి, అవి బుసబుస పొంగుచుండగా బ్రష్షును అందు ముంచుట. ఆమ్లమును క్షారమును కలిపినచో ఒకదాని బలమునొకటి హరించి, వాయువు పైకిపోయి ఉప్పునీరు మిగులునని పాఠశాలలో చదివిన పిల్లయే, ఆ పొంగును చూచి మురికి పారిపోవుచున్నదని మురియుచున్నది. పారిపోవుచున్నది వంటింటి సరకు. పైగా రబ్బరు మెత్తగల బ్రష్షును నీట ముంచరాదు. మెత్తకున్న రంధ్రము గుండ నీరు లోపల చేరి కుళ్ళును. ఈ చిన్నమాట చెప్పువాడు లేడు; చెప్పినచో బ్రష్షు చిరకాలము మన్నును గదా!

మా ప్రాంతపు సంతలో కుంకుడుకాయలు కుప్పపోసి కూర్చుండు కోయ అవ్వను ఆమెకు చూపితిని. "ఇవి నానబెట్టి పిసికితే నురుగొస్తది బిడ్డా, తలకైనా దువ్వెనకైనా అదే" అని అవ్వ అన్నది. మా మేనకోడలు ఆ కాయలను ఫోటో తీసుకొన్నది గాని కొనలేదు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డల వద్ద కొను ఫలసాయములలో కుంకుడును సీకాయయు చిరకాలముగా కలవు. మా మన్నెపు ప్రాంతము 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది; 2014లో కొంత ఆంధ్రకు పోయినది; 2016లో మా భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఇన్ని పాలనలు మారినను కుంకుడు నురుగు మారలేదు. ఆ కాయయే పట్టణమునకు పోయి, రసము తీయించుకొని, సీసాకెక్కి, ఆకుపచ్చ చీటీ తగిలించుకొని, "ప్రకృతిసిద్ధము" అను బిరుదుతో మరల మా అంగడికే వచ్చును. అవ్వకు దక్కినది కిలో లెక్క. సీసాకు పలుకునది బొట్టు లెక్క.

కొయ్యదువ్వెనకును ఇట్టి యోగమే పట్టినది. బస్తరు అడవులలోని మురియా తెగ యువకులు తమ చేతులతో చెక్కిన దువ్వెనలను ప్రియురాండ్రకిచ్చుటయు, వారు వానిని కొప్పులలో ధరించుటయు మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా వర్ణించెను. వలపుతో ఇచ్చిన దువ్వెన నేడు "వనవాసుల కేశరహస్యము" అను పేర పట్టణమున వెలకు దొరకుచున్నది. దానితో పాటు దానిని నిగనిగలాడించు తైలము విడిగా అమ్మబడును. కొయ్యను నీట నాననీయక, తడిగుడ్డతో తుడిచి, వంటింటి నూనె రెండు చుక్కలు రాచిన చాలునను రహస్యము మాత్రము ఉచితమగుటచేత ఎవరికిని రుచింపదు.

మా వీధిలో దువ్వెన విలువ తెలిసినవాడొక్కడే. స్టీలుగిన్నెలను బండికి వ్రేలాడదీసికొని, చిక్కువెంట్రుకలు కొందుమని కేకవేయుచు వచ్చును. ఇల్లాండ్రు దువ్వెననుండి తీసి చుట్టచుట్టి చూరులోనో గోడసందునో దాచిన వెంట్రుకలను తూచి గిన్నె ఇచ్చి పోవును. వెనుక సవరములైన ఆ వెంట్రుకలు పిమ్మట దేశాంతరములకు ప్రయాణము కట్టినవి. ముడికేశముల ఎగుమతిపై 2022 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆంక్ష విధించినదనిన వాని ఘనత యెంతటిదో ఊహింపుడు. నాగరికులు డబ్బిచ్చి వదిలించుకొను మురికిని మా వీధివారు ఇచ్చి గిన్నె తెచ్చుకొనుచున్నారు. ఎవరు తెలివిగలవారో పాఠకులే నిర్ణయింతురు గాక.

కావున మహాశయులారా! తలంటు పోసికొనునాడు మిగిలిన కుంకుడునురుగులో ప్లాస్టిక్ దువ్వెనను కొంతసేపు నానవేయుడు. కిటికీ ఊచకు గట్టిదారమొకటి కట్టి, బిగించి పట్టి, పళ్ళనడుమ ముందువెనుకలకు లాగుడు. దారమునకు లొంగనిదానిని చీపురుపుల్లతో తీయుడు. బ్రష్షయినచో వెంట్రుకలు తీసి, నురుగు పైపైన రుద్ది తుడిచి, పళ్ళు క్రిందికుండునట్లు బోర్లించి ఆరబెట్టుడు. ఒకరి దువ్వెన ఒకరు వాడకుడు. శాస్త్రమింతే. ఇందు నాకు స్వార్థమేమైన కలదేమోనని సందేహింపవలదు. ఇరువదియేండ్లుగా నాకు దువ్వెనతో పనియే లేదు.