కొట్టించేద్దామండీ!

బందరు నుంచి అవనిగడ్డ దాకా కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే: ఫార్మాట్. సిస్టం నెమ్మదించిందా, కొట్టించండి. ప్రింటర్ మొరాయించిందా, కొట్టించండి. ఉన్న విండోస్‌నే అప్‌గ్రేడ్ చేసుకుంటానన్నవాణ్ని జాలిగా చూస్తారు. ఆ జాలి దండగ. ఫార్మాట్ కొట్టిన మిషను పరుగెత్తే మాట నిజమే, అయితే ఆ పరుగు అందులో ఏమీ లేకపోవడం వల్ల వచ్చింది. ప్రింటర్ డ్రైవరూ యాంటీవైరసూ మళ్లీ చేరాక పాత నడకే. బందరు కాలువలో గుర్రపుడెక్క తీసిన కొన్నాళ్లే నీళ్లు తేటగా కనిపిస్తాయి, ఇదీ అంతే. చాలా మిషన్లలో అసలు రోగం పాత హార్డ్‌డిస్క్‌ది, చాలని ర్యామ్‌ది. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కుదిరేదానికి విండోస్‌ని బలిపెడుతున్నాం. రోగం కనిపెట్టడం కన్నా ఫార్మాట్ కొట్టడం తేలిక, మెకానిక్‌ని తప్పుపట్టలేం.

మన డీటీపీ సెంటర్లకి ఈ మందు మరీ ప్రమాదం. గుడివాడ పెళ్లిపత్రికైనా, బందరు కోర్టు పిటిషనైనా, అవనిగడ్డ డీఎస్సీ మెటీరియలైనా, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన ఫైలుకి ఆ రెండూ ఉండాల్సిందే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో; 2004లో అడోబీ దాన్ని అంతటితో ఆపేసింది. అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి అవి పోతే చి.ల.సౌ. పెళ్లికూతురు ఏ భాషకీ చెందని గీతలై కూర్చుంటుంది. వాటిని మళ్లీ ఎక్కించే సీడీ ఎక్కడుందో ఓనరుకి తెలీదు. “డి డ్రైవ్‌లోవి ఎక్కడికీ పోవండీ” అన్న అభయం అబద్ధం కాదు. కానీ మనవాళ్లు దాచుకునేది డెస్క్‌టాప్ మీద, అది ఉండేది సి డ్రైవ్‌లో!

అప్‌గ్రేడ్ చేస్తే పాత చెత్తా వెంట వస్తుందంటారు. వస్తుంది, అక్కర్లేని ప్రోగ్రాములు తీసేసుకోవచ్చు. పోయిన ఫైలుని తెచ్చుకోవడమే కష్టం. వైరస్ పట్టినా, మిషను అమ్మేస్తున్నా ఫార్మాటే న్యాయం. 32 బిట్ విండోస్ ఉన్నవాళ్లకీ వేరే దారి లేదు, విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది గనక మారక తప్పదు. అప్‌గ్రేడ్ నచ్చకపోతే 10 రోజుల్లోగా పాతదానికి తిరిగి వెళ్లొచ్చు. ఫార్మాట్‌కి ఆ వెసులుబాటు లేదు. అయినా కొట్టించి తీరతామంటారా, ముందు డెస్క్‌టాప్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అది వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.