తలకిందుల సలహాలు

పడుకోబెట్టకండి.

ఆయాసపడే మనిషున్న ఇంట్లో అడుగుపెట్టగానే నేననే మొదటి మాట ఇది. ఇంటివాళ్ళ ముఖాలు మారిపోతాయి. "అదేంటండీ సిస్టరుగారూ, కూర్చునే ఓపికే లేదండీ ఆయనకి" అంటుంది ఇల్లాలు. ముప్పై ఏళ్ళు ఛాతీ వార్డులో చేసి, ఇప్పుడు కోనసీమలో మా ఊరి చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి చూస్తున్నాను. నా సలహాలన్నీ ఇలాంటివే. వినగానే తప్పనిపిస్తాయి, ఒక్కోసారి జాలిలేనివనీ అనిపిస్తాయి.

వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు పైకి జరిగి, ఊపిరితిత్తుల అడుగునున్న కండరాన్ని నొక్కుతుంది. గాలి పీల్చడంలో ముఖ్యమైన పని ఆ కండరానిదే. అందుకే కూర్చోబెట్టండి. ఎదురుగా బల్ల వేసి, రెండు దిండ్లు పెట్టి, వాటిమీద మోచేతులు ఆనించి కాస్త ముందుకు వాలమనండి. చేతుల బరువు బల్ల మోస్తుంటే మెడ, భుజాల కండరాలు ఊపిరికి సాయం పడతాయి. నవారు మంచం మధ్యలో మాత్రం కూర్చోబెట్టవద్దు, గుంటలో పొట్ట ముడుచుకుపోతుంది. 2021లో కోవిడ్ వాళ్ళని బోర్లా పడుకోబెట్టారు కదా అని అడుగుతారు. నిజమే. అది న్యుమోనియా పట్టిన ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకోవడానికి. పొగతో పాడైన ఊపిరితిత్తుల సంగతి వేరు.

ఆ పొగ మన సీమలో ఇంటింటిదీ. గోదావరి లంకల పొగాకుకు పెద్ద పేరు; 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమండ్రిలోనే పెట్టారు. లంక పొగాకు చుట్ట కాల్చిన మగవాళ్ళకీ, కొబ్బరి మట్టలూ డొక్కలూ పొయ్యిలో ఎగదోసి వండిన ఆడవాళ్ళకీ చివరికి వచ్చేది ఒకే జబ్బు, సీఓపీడీ. చుట్ట ముట్టని మా అత్తగారికి ఇదెలా వచ్చిందండీ అని కోడళ్ళు అడిగితే, మసిబారిన వంటింటి గోడ చూపిస్తాను.

ఈ జబ్బువాళ్ళ విషయంలోనే నా రెండో సలహా: ఆక్సిజన్ పెంచకండి. ఇది చెప్పడం నాకే కష్టం. ఊపిరందక కళ్ళు తేలేస్తున్న మనిషి పక్కన నిలబడి, మీట ముట్టుకోవద్దనడం!

ఒకింట్లో కొడుకు ఓ రాత్రి తట్టుకోలేకపోయాడు. డాక్టరు నిమిషానికి రెండు లీటర్లని రాసిన సిలిండరును ఆరుకు తిప్పాడు. వేలికి పెట్టిన ఆక్సీమీటరులో 99 కనబడింది. హమ్మయ్య, నాన్న హాయిగా నిద్రపోతున్నాడనుకున్నాడు. తెల్లారి నేను వెళ్ళేసరికి పెద్దాయన పిలిస్తే పలకడం లేదు. ముఖం ఎర్రబడింది, చేతులు వెచ్చగా ఉన్నాయి. అది నిద్ర కాదు, మత్తు. ముదిరిన సీఓపీడీలో కొందరికి లోపలి చెడుగాలి, అదే కార్బన్ డయాక్సైడ్, పూర్తిగా బయటికి పోదు. అవసరానికి మించి ఆక్సిజన్ ఎక్కిస్తే అది ఇంకా పేరుకుని మెదడును మొద్దుబారుస్తుంది. వెంటనే 108లో తీసుకెళ్ళాం, బతికాడు. ఆ కొడుకు చాలా రోజులు నా ముఖం చూడలేకపోయాడు. తప్పు అతనిది కాదు, ఆ ముక్క అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఈ జబ్బు ఉన్నవాళ్ళకు ఆక్సీమీటరులో 88 నుంచి 92 మధ్య చాలు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఆయాసంతో అంబులెన్సు ఎక్కిన 405 మందిని పరిశీలించి, ఆ ఫలితాన్ని 2010లో ప్రకటించారు. ఎక్కువ ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో నూటికి తొమ్మిది మంది చనిపోతే, ఈ అంకెల మధ్య నిలిపినవాళ్ళలో నలుగురే చనిపోయారు. అలాగని గొట్టం పీకేయకండి, ఒక్కసారిగా తీసేయడం ఇంకా ప్రమాదం. ఉబ్బసం, న్యుమోనియా వాళ్ళకు లెక్క వేరు, అది డాక్టరు చెప్పాలి. సిలిండరున్న గదిలో దీపం, అగరుబత్తి, చుట్ట ఏదీ వద్దు.

దగ్గు ఆపకండి. నిద్ర పడుతుందని మందుల షాపులో అడిగి సిరప్ పోస్తారు, గళ్ళ లోపలే ఉండిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు గుక్కగుక్కగా తాగించి, అద్దం మీద ఆవిరి పట్టేలా "హా" అని ఊదమనండి. గళ్ళ కదిలి పైకొస్తుంది. దగ్గు రెండు వారాలు దాటినా, నెత్తురు పడినా సర్కారు ఆసుపత్రిలో గళ్ళ పరీక్ష చేయించండి.

చలిగాలి తగులుతుందని తలుపులు బిగించి, లోపల సాంబ్రాణి వేస్తారు. కిటికీ తెరవండి. తాటాకు విసనకర్రతో ముఖానికి, ముఖ్యంగా ముక్కు, బుగ్గల మీదికి మెల్లగా విసరండి. ఆ గాలి తగిలితే ఊపిరందని భావన తగ్గుతుందని వార్డులో ఎన్నోసార్లు చూశాను, పరీక్షల్లోనూ తేలింది. భోగి తెల్లవారుజామున మాత్రం, దాళ్వా గడ్డి తగలబెట్టే రోజుల్లోనూ, మూసే ఉంచండి.

మన గోదావరి మర్యాదలు కూడా ఆయాసపడే మనిషి దగ్గర కాసేపు పక్కన పెట్టాలి. కొసరి కొసరి వడ్డించకండి, నిండిన పొట్ట ఊపిరిని నొక్కేస్తుంది. రెండు పూటల అన్నం ఐదు పూటలకు పంచండి. చూడవచ్చినవాళ్ళు మాట్లాడించకుండా, తల ఊపితే సరిపోయే ప్రశ్నలే అడగాలి.

అలవాటైపోతుందని పీల్చే మందు మానకండి. మృగశిర కార్తెకు రైలెక్కి హైదరాబాదు చేపమందుకు వెళ్ళేవాళ్ళతో నేను వాదించను. కానీ ఉబ్బసాన్ని అది నయం చేస్తుందనడానికి రుజువు లేదు. వెళ్ళినా ఇన్‌హేలర్ మాత్రం సంచిలో ఉండాలి. స్టీరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి.

పెదవులు నీలంగా మారినా, ఒక్క మాట పూర్తిచేయలేకపోయినా, పగటిపూట మత్తుగా తూగుతున్నా నా సలహాలన్నీ పక్కనపెట్టి 108కి ఫోను చేయండి. వచ్చినవాళ్ళకు మొదట జబ్బు పేరు చెప్పండి. ఆ కొడుకు ఇప్పుడు తండ్రి చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు వేసిన చీటీ ఒకటి ఉంచుతున్నాడు. "సీఓపీడీ. ఆక్సిజన్ 88–92" అని పెద్ద అక్షరాలతో తనే రాశాడు.